కమీల్ చదివిన బడి

రెండు స్కూళ్ల నుంచీ ఒకే వారంలో ఉత్తరాలు వచ్చాయి. రెండూ జోయెల్‌ని చేర్చుకుంటామన్నాయి. ఏది కావాలో శుక్రవారంలోగా తేల్చి చెప్పాలి.

ఆ వారమంతా రోండాకి తిండి సయించలేదు. ఫిలడెల్ఫియాలో పదహారేళ్లుగా ట్రామ్ నడుపుతున్న మనిషి. కూతురు జోయెల్ ఎనిమిదో తరగతి పూర్తి చేస్తోందంటే సంతోషపడాల్సిందే. కానీ మొదటి ఉత్తరం హార్ట్‌వెల్ నుంచి వచ్చింది. అది నూరేళ్ల నాటి సర్కారు హైస్కూలు. మార్కులు చూసి, పరీక్ష పెట్టి, ఊరంతటి నుంచీ పిల్లల్ని ఏరుకుంటుంది. రెండోది న్యూ లాంటర్న్ నుంచి. డబ్బు సర్కారుదీ, నడిపేది ఒక ట్రస్టూ అయిన చార్టర్ స్కూలు. అక్కడ లాటరీ తీసి చేర్చుకుంటారు. వడపోత చేరాక మొదలవుతుంది.

"ఇందులో ఆలోచించేదేముంది?" అంది రోండా తల్లి ఎటా. "మనింట్లో ఇప్పటికే ఒక హార్ట్‌వెల్ పిల్ల ఉంది."

ఉండేది అనలేదు, ఉంది అంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ అలాగే అంటోంది. గోడ మీద ఆ పిల్ల ఫోటో, పక్కన ఫ్రేము కట్టించిన హార్ట్‌వెల్ ఉత్తరం. ఆకుపచ్చ కోటులో నవ్వుతున్న పదహారేళ్ల కమీల్, రోండా అక్క. ఒక జనవరి ఉదయం ఉబ్బసం ముదిరి, ట్రామ్ చివరి స్టాపులో బల్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. బడి జరిగే రోజు పదకొండున్నరకి ఆ పిల్ల అక్కడెందుకుందని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒంట్లో బాగోక ఇంటికొస్తూ నిద్రలో స్టాపు దాటిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. అలా కాదని రోండాకి తెలుసు. అప్పుడామెకి తొమ్మిదేళ్లు.

మంగళవారం సెలవు పెట్టి కూతుర్ని రెండు చోట్లకీ తీసుకెళ్లింది.

న్యూ లాంటర్న్‌లో నేల మీద పసుపు గీత అంటించారు. పిల్లలు ఆ గీత వెంటే, నోరు మెదపకుండా, ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. బడి చూపించడానికి వచ్చిన పదకొండో తరగతి పిల్ల చక్కగా నవ్వింది, చెప్పింది కూడా అప్పజెప్పినట్టు చెప్పింది. గోడ మీద ఏటేటా తీసిన తరగతి ఫోటోలున్నాయి. జోయెల్ వాటి ముందు ఆగి వేలితో లెక్కపెట్టింది.

"తొమ్మిదిలో నూటపద్దెనిమిది మంది ఉన్నారు. వీళ్లే పన్నెండుకొచ్చేసరికి నలభై మూడు. మిగతావాళ్లేరి?"

"వాళ్లకి ఇక్కడ కుదరలేదు," అంది ఆ పిల్ల.

"అంటే ఎక్కడికెళ్లారు?"

ఆ పిల్ల నవ్వు చెదరలేదు గాని, చూపు మాత్రం ఆఫీసు తలుపు వైపు పోయింది. "నాకు తెలీదు. వాళ్ల గురించి మేం మాట్లాడుకోం."

"సరే, నేనో రోజు రాలేదనుకో. ఎవరికి తెలుస్తుంది?"

"ఎనిమిదీ పదికల్లా మీ అమ్మకి ఫోన్ వెళ్తుంది."

అక్క విషయంలో అలాంటి ఒక్క ఫోన్ వచ్చి ఉంటే చాలు కదా అనుకుంది రోండా. "ఇక్కడే చేరుద్దాం," అంది బయటికి రాగానే.

"ఆ డెబ్బై అయిదు మందిలో నేనుంటే?" అంది జోయెల్.

హార్ట్‌వెల్‌లో మెట్లు నడిమి భాగాన అరిగి గుంటలు పడ్డాయి. ఎక్కుతుంటే పై అంతస్తులో ఎవరో ఆయాసపడుతూ మెట్టు మెట్టుకీ ఆగుతున్న చప్పుడు రోండాకి వినపడింది. తలెత్తి చూసింది. ఎవరూ లేరు. కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఏంటమ్మా, నలిపేస్తున్నావ్?"

లాటిన్ గదిలో తల నెరిసిన మనిషొకాయన బోర్డు తుడుస్తున్నాడు. వెనక్కి తిరిగి జోయెల్‌ని చూశాడు. చేతిలో గుడ్డ జారిపోయింది.

"కమీల్," అన్నాడు.

తర్వాత తేరుకుని క్షమించమన్నాడు. ఆయన పేరు ఆస్ట్రాండర్. వచ్చే జూన్‌లో రిటైరవుతున్నాడు. రోండా తనెవరో చెప్పాక, దగ్గరున్న బెంచీలో కూలబడ్డాడు.

"కిటికీ పక్కన మూడో కుర్చీ తనది. సెప్టెంబరులో నేను పెట్టిన పరీక్ష తప్పింది. ఆ మర్నాటి నుంచి రాలేదు. ఖాళీ కుర్చీ రోజూ కనపడేది. రేపు ఆఫీసులో అడుగుదాం అనుకునేవాణ్ణి. రేపు, రేపు అనుకుంటూనే ఉన్నాను."

జోయెల్ తల్లి మొహంలోకి చూసింది. ఆ తర్వాత ముసలాయన్ని అదే ప్రశ్న అడిగింది. "ఇప్పుడు నేను రాకపోతే ఎవరికి తెలుస్తుందండీ?"

"నాలుగొందల మందికి ఒక కౌన్సిలర్ ఉన్నారమ్మా. నిజం చెప్పమంటే, వారం పడుతుంది."

ఇంటికెళ్లే దారిలో రోండా దాచుకున్నదంతా కూతురికి చెప్పేసింది. తనతో సహా మూడో తరగతి పిల్లల్ని టీచరు మ్యూజియానికి తీసుకెళ్తుంటే, ఆ ట్రామ్‌లో వెనక సీట్లో ఆకుపచ్చ కోటు కనపడింది. కమీల్ పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆ సాయంత్రం, "అమ్మకి చెప్పకే. సోమవారం నుంచి వెళ్తాలే," అంది. నాలుగు నెలల పాటు సోమవారాలు వస్తూనే ఉన్నాయి. కమీల్ పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరేది. సాయంత్రం వచ్చి, బళ్లో ఏం జరిగిందో అమ్మకి కథలు కథలుగా చెప్పేది. రోండా పక్కన కూర్చుని వినేది.

"పెద్దమ్మకి అమ్మమ్మ కొడుతుందని భయమా?"

"కొట్టే మనిషైతే చెప్పేదేమో. అమ్మ అందరి దగ్గరా మురిసిపోతుండేది."

రాత్రి భోజనాల దగ్గర రోండా అదంతా ఎటాకి కూడా చెప్పింది. ఎటా ఫోర్కు పక్కన పెట్టింది.

"కోటు జేబునిండా టైము కొట్టిన ట్రామ్ చీటీలున్నాయి," అంది. "ఆస్పత్రివాళ్లు కోటు ఇచ్చిన రోజే చూశాను. పొద్దుట తొమ్మిదివీ, పదివీ. ఎన్ని నెలలవో. నువ్వు పసిదానివి, నీకు తెలియకూడదని కాల్చేశాను."

ఒకే ఇంట్లో ఇద్దరూ ఇరవై తొమ్మిదేళ్లు ఆ ఫోటో దుమ్ము తుడిచారు.

జోయెల్ హార్ట్‌వెల్ అంది. రోండా కాదంది, బతిమాలింది, గొంతు పెంచింది. "హార్ట్‌వెల్‌లో కనపడకుండా పోతే, వారం పట్టినా వెతుకుతారమ్మా. న్యూ లాంటర్న్‌లో గోడ మీది ఫోటోలోంచి తీసేస్తారు," అంది జోయెల్. శుక్రవారం హార్ట్‌వెల్ కాగితం మీద రోండా సంతకం పెట్టింది.

అక్టోబరులో ఒక బుధవారం పదిన్నరకి, వాన పడుతుంటే, ముప్ఫై ఆరో వీధి స్టాపులో జోయెల్ రోండా నడుపుతున్న ట్రామెక్కింది. సంచీ భుజాన ఉంది. ఆ పిల్ల వెనక సీట్లకి పోలేదు. తల్లి పక్కనున్న కమ్మీ పట్టుకుని నిలబడింది.

"ఆల్జీబ్రాలో ముప్ఫై ఎనిమిది," అంది. "అక్కడ కూర్చోలేకపోయాను."

"సరే," అంది రోండా. తలుపు మూసి బండి కదిపింది.

చివరి స్టాపులో ఆరు నిమిషాల విరామం. కమీల్ పోయిన ఆ బల్ల మీద రోండా ఇన్నేళ్లలో ఒక్కసారీ కూర్చోలేదు. ఆ రోజు కూతుర్ని పక్కన పెట్టుకుని కూర్చుంది. తన డబ్బాలోని శాండ్‌విచ్ ఇద్దరూ తిన్నారు. జోయెల్ పరీక్ష కాగితం తీసి చూపించింది. రోండాకి ఒక్క లెక్కా అర్థం కాలేదు, అయినా మొదటి నుంచి చివరిదాకా చూసింది.

తిరుగు దారిలో బడి ముందు ట్రామ్ ఆపింది. జోయెల్ దిగి, వానలో మెట్లెక్కడం మొదలుపెట్టింది.

"బండి కదుపుతావా, ఇక్కడే కాపురం పెడతావా?" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన.

"కాస్త ఆగండి సార్," అంది రోండా. ఆ తలుపు తెరుచుకుని, పిల్ల లోపలికెళ్లి, తలుపు మళ్లీ మూసుకునేదాకా బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.