డింప్నా లావెల్ పుట్టిన కాగితం

అరవై ఏడేళ్లొచ్చినా డింప్నా లావెల్‌కి పాస్‌పోర్టు అవసరం ఎప్పుడూ పడలేదు. రేవు దగ్గరి చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు చేపలు కోసింది. పెళ్లి చేసుకోలేదు. దూరమంటే ఆమెకి గాల్వే పట్నమే దూరం. ఆ ఏడు మాత్రం ఊరి చర్చివాళ్లు సెప్టెంబరులో లూర్దు దేవమాత యాత్రకి పేర్లు రాసుకుంటుంటే, మోకాళ్ల నొప్పికి అయినా ఉపయోగపడుతుందని తనూ పేరిచ్చేసింది.

ఫిబ్రవరిలో మందుల షాపు రువాన్ దగ్గరికి ఫొటోకి వెళ్లింది. ఆయన తెల్లతెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, నవ్వొద్దన్నాడు.

"నవ్వడానికి ఏముందిలే ఇక్కడ," అంది డింప్నా.

ఆయన తీసి చూసుకున్నాడు. మళ్లీ తీశాడు. లేచి వెళ్లి తెరని దులిపి, లైటు పక్కకి జరిపి మూడోసారి తీశాడు.

"ఏమయ్యా, అంత వికారంగా ఉన్నానా?"

"మీరు బాగానే ఉన్నారండీ. వెనకాల ఏదో నీడ పడుతోంది."

ఆమె చూసింది. తన ఎడమ భుజం మీదుగా, తెర మీద మసగ్గా ఒక నీడ. తన ఎత్తే, తన తలంత తలే. కాని తన తల నిటారుగా ఉంటే అది కొంచెం వంగి ఉంది, ఎవరో వెనక నిలబడి తొంగి చూస్తున్నట్టు. నాలుగోసారి కిటికీ దగ్గర తీశాడు. అక్కడా అంతే. మిషను పాతదైపోయిందని సర్ది చెప్పి, ఉన్నవాటిలో కాస్త నయమైనవి కోసి ఇచ్చాడు.

ఫారం మీద సాక్షి సంతకం కావాలి. ఊరి పోలీసు సార్జెంటు కాఫర్కీ ఆమెని తన చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. ఆమె అతని ఎదుటే సంతకం పెట్టింది. అతను ఫొటో వెనక ముద్ర వెయ్యబోయి, తిప్పి చూసి ఆగాడు.

"డింప్నా గారూ, మీ వెనకాల ఎవరు నిలబడ్డారు?"

"రువాన్ మిషను, నాయనా. ఇంకెవరు నిలబడతారు నా వెనక?"

సార్జెంటు నవ్వాడు గాని ముద్ర వేసి ఫొటో బోర్లా పెట్టేశాడు. పోస్టాఫీసులో కవరు అతికించి పంపించేసి ఆమె ఆ సంగతి మరిచిపోయింది.

మూడు వారాలకి పాస్‌పోర్టు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, ఫొటోలో దరఖాస్తుదారుతో పాటు మరొకరు కనిపిస్తున్నారు కనుక కొత్త ఫొటో పంపాలి. రెండోది చదివి ఆమె కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. మీరు జతచేసిన పుట్టుక సర్టిఫికెట్ ప్రకారం 1957 ఫిబ్రవరి 3న పుట్టిన డింప్నా లావెల్, అదే ఏడాది మార్చి 18న మరణించినట్టు నమోదై ఉంది. దయచేసి వివరణ ఇవ్వగలరు.

ఆమె ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల ఒకావిడ ఓపికగా విన్నది.

"మీకు పాస్‌పోర్టు హక్కు లేదని మేం అనడం లేదమ్మా. ఆ రోజుల్లో ఈ గడ్డ మీద పుట్టినవాళ్లందరికీ ఉంది. కాని పుట్టినట్టు చూపించాలి కదా."

"పుట్టకుండానే మీతో మాట్లాడుతున్నానా?"

"ఆ కాగితం మీది కాదేమోనండీ. దాన్ని పక్కన పెట్టేస్తే... మీరు పుట్టినట్టు మా దగ్గర ఎక్కడా లేదు."

ఫోన్ పెట్టేశాక డింప్నా టీ పెట్టుకుంది, తాగలేదు. వంటింటి కిటికీలోంచి సముద్రం బూడిద రంగులో కదులుతోంది. అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు సాయంత్రం అమ్మ గేటు దగ్గర నిలబడి అన్నాలకి పిలిచేది. "డింప్నా!" తను పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చేసేది. అమ్మ తలుపు వెయ్యకుండా, మళ్లీ ఒకసారి చీకటి పడుతున్న పొలం వైపు చూసి, ఇందాకటి కన్నా మెల్లగా పిలిచేది. "డింప్నా." ఎంత ఈదురుగాలి కొట్టినా కాసేపు తలుపు తెరిచే ఉంచేది. నాన్న ఏమీ అనేవాడు కాదు. అమ్మలందరూ రెండుసార్లు పిలుస్తారని, రెండోది తలుపు వెయ్యడానికి ముందు పద్ధతని డింప్నా చాలా ఏళ్లు అనుకుంది.

కోటు తొడుక్కుని, అర మైలు పైకి, అన్న మాలకీ ఇంటికి నడిచింది. అతనికి డెబ్భై ఆరు. గడప దగ్గర కూర్చుని బూట్లకి నూనె రాస్తున్నాడు. ఆమె ఉత్తరం చేతిలో పెట్టింది. చదివాడు. పేలిక కింద పెట్టాడు.

"అన్నయ్యా, ఎవరీమె?"

"పాస్‌పోర్టు ఎందుకే నీకు, ఈ వయసులో," అన్నాడు మాలకీ.

"అడిగింది చెప్పు."

"మన ఊళ్లో బావి దగ్గర లేదా ఏమిటి దేవమాత? లూర్దు దాకా వెళ్లాలా మోకాళ్లకి?"

"అన్నయ్యా!"

అతను బూట్లని పక్కకి జరిపాడు. "అమ్మకి మాటిచ్చాను," అన్నాడు.

"అమ్మ పోయి ఇరవై రెండేళ్లయింది."

"అయితే మాట కూడా పోతుందా?" అన్నాడు గాని లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. "రా. ఇక్కడ చెప్పలేను."

సముద్రం ఒడ్డున ఉన్న శ్మశానానికి ఇద్దరూ నడిచారు. పట్టపగలు, ఎండగానే ఉంది. గాలి మాత్రం గడ్డిని ఒక పక్కకి దువ్వుతోంది. తాత సమాధి దగ్గర మాలకీ ఆగాడు. దాని కాళ్ల వైపు జానెడు చోటులో అరిగిన ఒక గుండ్రాయి ఉంది. డింప్నా ప్రతి ఏడూ, పోయినవాళ్లని తలుచుకునే ఆత్మల దినాన ఇక్కడికే వచ్చి, ఆ రాయి మీదే తన చేతిసంచి పెట్టుకుని ప్రార్థన చేసేది.

"ఇదే," అన్నాడు మాలకీ.

ఆమె చేతిసంచి గుండెకి హత్తుకుంది.

"ఆరు వారాల పిల్ల. దగ్గు పట్టుకుంది. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. బ్రిజీ అత్త పట్నం వెళ్లి చావు రాయించింది, అమ్మకి చెప్పకుండా. నాన్న పెట్టెని సైకిలు మీద పెట్టుకున్నాడు. నాకు తొమ్మిదేళ్లు. పక్కన నడుస్తూ పెట్టె జారకుండా పట్టుకున్నాను. అమ్మ రాలేదు. పిల్ల నిద్రపోతోంది, లేస్తుంది అంది. ఏడాదంతా అదే మాట."

"తర్వాత నేను పుట్టాను."

"పైయేడు ఏప్రిల్ పదిహేడున. మంత్రసాని నిన్ను అమ్మ చేతికిచ్చినప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నాను." మాలకీ టోపీ తీశాడు. "అమ్మ ఏడవలేదు, నవ్వలేదు. నీ మొహంలోకి చూసి, 'ఇంత ఆలస్యమా?' అంది."

డింప్నాకి ఏప్రిల్ నెల గుర్తొచ్చింది. పుట్టినరోజు కేకు ఫిబ్రవరి మూడునే చేసేవారు. కాని ఏప్రిల్‌లో ఒకరోజు, ఎందుకో చెప్పకుండా, అమ్మ తన పళ్లెంలో రెండు గుడ్లు పెట్టి, తను తినేదాకా మొహం అటు తిప్పుకుని నిలబడేది.

"అదే పేరు పెట్టింది. నిన్ను మళ్లీ రాయించడానికి నాన్న పట్నం వెళ్తానంటే, 'పేరూ కాగితమూ ఉన్నాయిగా, దాని పేరు ఎన్నిసార్లు రాయిస్తావు?' అంది. నాన్న సైకిలు తిరిగి కొట్టంలో పెట్టేశాడు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది."

"అంటే ఇన్నాళ్లూ నేను దాని కాగితం మీద బతికాను."

"నువ్వు నీలాగే బతికావే, పిచ్చిదానా. అది ఏమీ బతకలేదు."

డింప్నా రాయి వైపు చూసింది. అది ఏమీ బతకలేదన్న మాట ఆమెకి నిజంగా అనిపించలేదు. బడికి వెళ్లేటప్పుడు, ఫ్యాక్టరీలో బల్ల దగ్గర, ఒంటరిగా ఉన్న ఇంట్లో గిన్నెలు కడుగుతున్నప్పుడు, భుజం వెనక ఎవరో తన వంతు కోసం ఆగి ఉన్నట్టు ఉండేది. అది భయం కాదు. ఒంటరి ఆడదానికి అలాగే ఉంటుందనుకునేది.

ఆ తర్వాత మూడు నెలలు కాగితాల పనే. చర్చి పుస్తకంలో ఫాదర్ వెతికి ఇద్దరు డింప్నాల జ్ఞానస్నానాలూ చూపించాడు, పద్నాలుగు నెలల తేడాతో, ఒకే చేతిరాతలో. కాసిల్‌బార్ పట్నంలో జనన మరణాల రిజిస్ట్రారు ముందు మాలకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడి, ఏప్రిల్ పదిహేడున తన చెల్లెలు పుట్టడం కళ్లారా చూశానని ప్రమాణం చేశాడు. రిజిస్ట్రారు చిన్న వయసావిడ. సంతకాలయ్యాక, "అయితే మీకు ఒక ఏడాది తగ్గిందన్నమాట, డింప్నా గారూ," అని నవ్వించబోయింది.

"మోకాళ్లకి ఆ సంగతి ఎవరైనా చెప్పండమ్మా," అంది డింప్నా.

కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు ఆమె పాతదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి శ్మశానానికి తీసుకెళ్లి, ఆ గుండ్రాయి కింద దూర్చింది. మాలకీ చూస్తూ నిలబడ్డాడు.

"వానకి నానిపోతుందే."

"దానిది. నాననీ."

మర్నాడు రువాన్ షాపులో మళ్లీ స్టూలు మీద కూర్చుంది. పాత మిషనే. ఆయన ఒక్కసారే తీశాడు. తల పంకించి, చూడమని ఆమె వైపు తిప్పాడు. తెల్లటి తెర మీద ఒక ముసలావిడ మొహం. వెనక ఏమీ లేదు. తెలుపే.

"ఇప్పుడు కుదిరిందండీ. తెర కొత్తది వేశాను లెండి," అన్నాడు రువాన్, ఆమె అడక్కుండానే.

షాపు బయటికి వచ్చి ఆమె గోడకి చేరబడింది. జూన్ ఎండ నడినెత్తిన ఉంది. అయినా వీపంతా చల్లగా, ఎవరో వెచ్చటి దుప్పటి లాగేసినట్టు అయిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ చలి ఆ వేసవంతా పోలేదు. రెండు స్వెట్టర్లు వేసుకుని తిరిగింది. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదంది.

ఆ వేసవిలోనే గుండ్రాయి స్థానంలో ఒక మంచి రాయి పెట్టించింది. చెక్కేవాడు ఫోన్ చేశాడు. "డింప్నా లావెల్, 1957. ఇంతేనా అమ్మా? ఇది మీ పేరే కదా?"

"పేరు నాదే. మనిషిని నేను కాదు. అంతే చెక్కు."

పాస్‌పోర్టు ఆగస్టులో వచ్చింది. సెప్టెంబరు మొదటి ఆదివారం నాక్ విమానాశ్రయంలో విమానం ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. మేఘాల మీద టీ తాగడం బాగుందని మాలకీకి పోస్టుకార్డు రాసింది. లూర్దులో గుహ ముందు వరసలో నిలబడి, ఆ నీళ్లు మోకాళ్లకి రాసుకుంది. నొప్పి కొంచెం తగ్గినట్టే ఉంది, లేదా తగ్గాలని అనుకుంది. ఆరో రోజుకి ఇంటికొచ్చి, పెట్టె దింపి, అన్నకి తెచ్చిన జపమాల తీసుకుని పైకి, అతని ఇంటికి నడిచింది.

మాలకీ వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద నాలుగు కార్డులు నిలబెట్టి ఉన్నాయి. ఎవరైనా పోతే ఇంటికి పంపే పూజ కార్డులు. "డింప్నా లావెల్ ఆత్మశాంతి కొరకు" అని ప్రతిదాని మీదా చేత్తో రాసి ఉంది. ఒకటి ఫ్యాక్టరీలో పనిచేసిన సబీనా గిల్‌బాయ్ పంపింది. "నీ చెల్లి ఎప్పుడు పోయింది మాలకీ, మాకు కబురైనా లేదేమిటి, రాయి చూసి గుండె ఆగిపోయింది" అని అడుగున చిన్న అక్షరాల్లో నిష్ఠూరమాడింది.

"నువ్వు ఊళ్లో లేవు, ఇల్లు తాళం. కొత్త రాయి మీద నీ పేరు చూశారు," అన్నాడు మాలకీ. ఎర్రబడ్డ మొహంతో నవ్వలేక, తిట్టలేక. "సార్జెంటు టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. లూర్దులో ఉందయ్యా అంటే, అక్కడే పోయిందా అన్నాడు. నిన్న పొద్దున్న చర్చిలో ఒక పూజ కూడా అయిపోయింది నీ పేరు మీద. నేను వెళ్లాను. ఏం చెయ్యను? పొయ్యిలో పడేస్తానులే వీటిని. సబీనాకి నేనే వెళ్లి చెబుతాను."

డింప్నా కార్డులు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చదివింది. నాలుగూ చదివింది. అరవై ఏడేళ్లుగా ఆ పిల్ల కోసం ఒక్కరూ కార్డు పంపలేదు, ఒక్క పూజ పెట్టించలేదు. తల్లి ఒప్పుకోలేదు, తండ్రి నోరెత్తలేదు.

"పడెయ్యకు," అంది.

"నీ పేరు మీద వచ్చినవే అవి!"

"నాకు కాదు, దానికి వచ్చినవి. అరమీద పెట్టు, అమ్మ ఫొటో పక్కన."

మాలకీ లేచి, ఒక్కొక్కటీ దులిపి అరమీద వరసగా నిలబెట్టాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, పై స్వెట్టరు విప్పి, టీ పొయ్యమంది.