అతికించిన అద్దం

బేతంచెర్లలో పొద్దున్నే ఇల్లు ఊడ్చి, కాఫీ తాగి లేచేలోపు మళ్లీ ఊడవాలి. పాలిష్ మిషన్లు తిరిగినంతసేపూ నాపరాళ్ల దుమ్ము వంటింట్లోకి, ఆరేసిన చీరల్లోకి, చివరికి ఉప్పుడబ్బాలోకి కూడా వచ్చి కూర్చుంటుంది. కృష్ణవేణమ్మ ఆ దుమ్మును తిట్టని రోజు లేదు. ఆమె భర్త ఓబులేసు ఆ మిషన్ల మీదే పనిచేస్తాడు గనక, సగం తిట్లు ఆయనకూ తగిలేవి.

వాళ్ల కూతురు నాగజ్యోతి ఉత్తరాదిలో ఎక్కడో యుద్ధవిమానం నడుపుతుంది. నడిపేది కూతురు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని కూర్చునేది తల్లి. "అదెట్లుంటాదో కళ్లారా చూస్తే నీ భయం పోతాదిలే మేయ్" అని ఓబులేసు ఆ విమానం ప్లాస్టిక్ బొమ్మ డబ్బా తెప్పించాడు. చట్రానికి అంటుకున్న ముక్కల్ని గోళ్లు తీసే కత్తెరతో తుంచాడు, జిగురుతో అతికించాడు, అతుకుల్ని తడి ఉప్పుకాగితంతో రుద్దాడు. బండల్ని అద్దాల్లా చేసిన చేతులాయె, అతుకెక్కడుందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. రెక్కల కింద మిసైళ్లు, లోపల సీట్లో వేలిగోరంత పైలట్టు. అన్నీ కుదిరాయి.

బొమ్మ పూర్తయిన రోజు నుంచి నాగజ్యోతి పైకి లేచినప్పుడల్లా దాని రెక్కలు చల్లబడి మంచు పట్టేవి. ఆమె దిగితే బొమ్మ పొట్ట వెచ్చబడేది. వీధిలో ఎవరూ దీన్నొక వింతగా చెప్పుకోలేదు. పక్కింటి ఏసన్న లారీ ఎక్కబోతూ కిటికీలోంచి తొంగిచూసేవాడు.

"ఏమక్కా, పాప దిగిందా?"

"యాడప్పా, రెక్కలింగా చల్లగానే ఉండాయి."

భయం పోవడం మాట దేవుడెరుగు, కృష్ణవేణమ్మకు బొమ్మ దగ్గర నుంచి లేచి ఇంత అన్నం వండే ధైర్యం కూడా లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం రెక్కల మీద మంచు ఉండగానే కాలిన వాసన వచ్చింది. బొమ్మ తోక కమిలి నల్లబడింది. టేబుల్ అదురుతోంది. లోపలి పైలట్టు రెండు చేతులతో నెత్తి మీది అద్దాన్ని నెడుతోంది. అద్దం కదలడం లేదు.

"ఏమయ్యా! పాప బయటికి రాలేకుండాది! అద్దం తెరుచుకోల్యా!"

ఓబులేసు మొహంలో నెత్తురుచుక్క లేదు. "లోపలికి దుమ్ము పోతాదని... చుట్టూరా జిగురు పెట్టేసినా మేయ్. గాలి కూడా దూరకుండా."

ఈ ఊళ్లో పుట్టినవాడెవడైనా అదే చేసుంటాడు. కృష్ణవేణమ్మ తిట్లు పక్కనపెట్టి వంటింట్లోకి ఉరికింది. కూరగాయల కత్తి తెచ్చింది. కానీ అతుకు కనబడితే కదా! అంత నున్నగా రుద్ది పెట్టాడు మహానుభావుడు.

"యాడయ్యా అతుకు? యాడుండాది?"

ఓబులేసు కళ్లు మూసుకొని వేలితో తడిమాడు. "ఈడ."

"నువ్వే కొయ్యి."

"నా వల్ల కాదు. చేతులు ఆడ్డంల్యా."

ఆమే కత్తి ఆనించింది. కత్తి వెంట్రుకవాసి పక్కకు జారితే పాప మెడ. ఊపిరి బిగబట్టి, అయినంత మెల్లగా నొక్కింది. అద్దం టక్కుమని ఎగిరి గోడకు తగిలింది. దాని వెనకే సీటు కూడా లేచి పైకప్పు దాకా పోయింది. అక్కడ తెల్లటి గొడుగొకటి విచ్చుకుంది. పైలట్టు ఊగుతూ దిగుతుంటే కృష్ణవేణమ్మ కొంగు పట్టింది.

కొంగులో పడిన పైలట్టు ఒళ్లు వెచ్చగా ఉంది. దాన్ని వదలకుండా సాయంత్రం దాకా అట్లాగే కూర్చుంది.

దీపాలు పెట్టేవేళకు ఫోన్ మోగింది.

"అమ్మా, ఆసుపత్రిలో ఉండా. భయపడొద్దు. గద్ద తగిలి మంట లేసింది. అద్దం ఎంత నెట్టినా రాల్యా. ఇంగ ఐపాయ అనుకున్యా. అంతలో బయట్నించి ఎవరో పీకినట్ల ఊడిపాయ. వెన్ను దెబ్బతినింది. బాగైతే మళ్లా ఎగరొచ్చంట. నువ్వు వద్దంటే మానుకుంటా. చెప్పుమా."

ఈ మాట అడిగితే బాగుండునని కృష్ణవేణమ్మ ఎందరు దేవుళ్లకు మొక్కిందో లెక్కలేదు. ఒక్కమాట చాలు, కూతురు జీవితాంతం నేలమీదే ఉంటుంది. ఆమె కొంగులోకి చూసింది. పైలట్టు తల పైకెత్తి పైకప్పు వైపే చూస్తోంది.

"నాకు శానా భయం పాపా," అంది. "ఐనా ఎగురు. మీ నాయన చేతికి ఇంగ జిగురు ఇయ్యనులే."

"జిగురేందిమా?" అని నాగజ్యోతి అడుగుతూనే ఉంది. కృష్ణవేణమ్మకు అప్పుడొచ్చింది ఏడుపు.