సున్నా పంపిన డబ్బా

గాలిలో కుళ్లిన నెత్తళ్ల చేపల వాసన.

తూర్పు నుంచి వస్తోంది. ఆగుతోంది. మళ్లీ వస్తోంది…

తుపాను దాటి వారమైంది. జువ్వలదిన్నెలో కొట్టాల్లోని నీళ్లు నిన్ననే తీశాయి. అమ్మకానికి దాచిన ఎండుచేపలన్నీ నాని మురిగిపోయాయి. ఆడవాళ్లు వాటిని గంపలకెత్తి ఇసుకలో పూడుస్తున్నారు.

బాజీ తన షెడ్డు ముందు నిలబడి చూస్తున్నాడు.

పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. పదివేళ్లకూ ఎప్పుడూ గ్రీజు ఉంటుంది. ఈ రోజు లేదు.

షెడ్డు పక్కన తెల్ల స్తంభం. పైన గాలిని కొలిచే గిన్నెలు. కింద వానను కొలిచే డబ్బా.

వినీల రెండేళ్ల కిందట దాన్ని నిలబెట్టింది. వాతావరణ లెక్కలు పంచే సంస్థలో ఇంజనీరు. డబ్బా చెప్పేది ఎవరైనా చూడొచ్చు, ఉచితంగా. కలెక్టరాఫీసు చూస్తుంది. ఓడరేవు చూస్తుంది. బీమా కంపెనీ చూస్తుంది.

"లోకమంతా చూస్తాదన్నా. కాస్త కనిపెట్టుకో" అంది.

కనిపెట్టుకున్నాడు. ప్రతి శుక్రవారం నమాజుకు వెళ్లే ముందు కాకిరెట్ట తుడిచాడు. పసిబిడ్డ ముఖం తుడిచినట్టు.

ఆ డబ్బా లెక్కనే నమ్మి, ఎండుచేపలు అమ్మే జయశీలా, మరో పదకొండు మంది ఆడవాళ్లూ వాన బీమా కట్టారు. ఒక్కరోజులో నూరు మిల్లీమీటర్లు దాటితే చాలు. అర్జీ అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. పరిహారం దానంతటదే వస్తుంది.

వాన పడింది.

చెయ్యి చాస్తే చెయ్యి కనపడనంత వాన. పడవలు సరుగుడు తోపు దాకా కొట్టుకొచ్చినంత వాన.

డబ్బా మాత్రం చెప్పింది — సున్నా.

ఈ ఉదయం వినీల వచ్చింది. స్తంభానికి తాడు ఒరిసిన గుర్తులు చూసింది.

"ఎవురు కప్పినారన్నా దీన్ని?"

"నేనేనమ్మా. తుపానంటే ఇంజన్లన్నిటికీ టార్పాలిన్ కప్పి కట్టేస్తాం గదా. దీన్నొక్కదాన్నీ ఎట్ట వదిలేసేది? తడిసి పాడైపోతాదని…"

"వాన డబ్బా తడుస్తాదనా?"

నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

"దిద్దేదానికి లేదా అమ్మా?"

"అది పాడైపోయుంటే దిద్దేవాళ్లమన్నా. లెక్క రాకపోతే పక్క స్టేషన్ లెక్క తీసుకుంటారు. ఇది బాగుంది. బాగుండే సున్నా పంపింది. సున్నా చూడంగానే బీమా కంపెనీకి రాసినాను. పనిచేసే మిషను మాటే మాట అన్నారు."

బాగుంది.

అంత బాగా చూసుకున్నాడు.

వదిలేసి ఉంటే… గాలికి విరిగి కాలవలో పడి ఉంటే… పన్నెండు ఇళ్లకు పరిహారం వచ్చేది.

వినీల బండి మలుపు తిరగ్గానే జయశీల వచ్చింది. నెత్తిన గంప. గంప అంచు నుంచి మురికి నీళ్లు కారుతున్నాయి.

"బాజీ, ఆ డబ్బా పక్కనే గదా నువ్వుండేది? నువ్వే చెప్పు. ఆ రోజు మా నెత్తిన పడింది వానా, పన్నీరా?"

వెనకున్న ఆడవాళ్లు నవ్వారు. చేదుగా.

అబద్ధం నాలుక చివరే ఉంది. మిషను మోసం చేసిందంటే సరిపోతుంది. రోకళ్లు తెచ్చి దాన్ని పగలగొడతారు. తనను ఎవరూ అడగరు.

"నేనే కప్పినానక్కా."

నవ్వులు ఆగాయి.

మిగతాదీ చెప్పాడు. టార్పాలిన్. తాడు. మూడు ముళ్లు. వినీల చెప్పిన మాటతో సహా.

జయశీల తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మిషను కండ్లు నువ్వు మూసినావు. సరే" అంది చివరికి. "దాన్ని చూసే కంపెనీ వాళ్ల కండ్లు, కలెక్టరాఫీసు వాళ్ల కండ్లు ఎవురు మూసినారు?"

నెత్తిన గంప సర్దుకుంది. ఇసుకలోకి నడిచింది.

గాలి లేచింది. గిన్నెలు తిరిగాయి. గాలి వేగం గంటకు పద్నాలుగు కిలోమీటర్లు. ఆ లెక్క చూడదలచిన వాళ్లందరికీ వెళ్లిపోయింది — తప్పు లేకుండా, ఉచితంగా.

వాసన మాత్రం ఎవరికీ వెళ్లలేదు.

ఇసుకలో పూడ్చే కొద్దీ పైకి లేస్తోంది…