ఇత్తడి పలక మీద ఏ పేపరు

మా తోడికోడల్ని యూనివర్సిటీలో అందరూ గింజలమ్మ అంటారు. వెనకాలే అంటారు గానీ ఆవిడకి తెలుసు, పట్టించుకోదు. వృక్షశాస్త్రంలో ప్రొఫెసరు. విత్తనాలు దాచిపెడితే ఎన్నేళ్ళదాకా ప్రాణంతో ఉంటాయన్నది ఆవిడ పరిశోధన. ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తల తిప్పని మనిషి, గింజల దగ్గర మాత్రం బాలింతలా జాగ్రత్తలు పడుతుంది. నేను అదే యూనివర్సిటీలో పరిశోధన విభాగం ఆఫీసు చూస్తాను. ఇంటికి ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలు; అక్కా అనే పిలుస్తాను.

ఈ ఏడాది ఆవిడ రిటైర్మెంటు. ప్రయోగశాల ఖాళీ చెయ్యాలి, దాని వెనక ఉన్న చల్లగది కూడా. ఆ గది నిండా బిగించిన గాజుసీసాలు. కొన్ని ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో పెట్టినవి. కొన్నేళ్ళకోసారి ఒక వరస తెరిచి, నానబెట్టి, ఎన్ని మొలిచాయో చూడాలి. ఆఖరి వరస తెరవడానికి ఇంకో నాలుగేళ్ళుంది. ఆ గది తమకొస్తుందని కంప్యూటర్ల విభాగంవాళ్ళు అప్పుడే వచ్చి గది కొలతలు తీసుకుపోయారు.

ఒక్కటే దారి. ఉత్తమ పరిశోధన అవార్డు వచ్చినవాళ్ళకి రిటైరయ్యాక కూడా ఐదేళ్ళు ప్రయోగశాల ఉంచుతారు. ససేమిరా అంటున్నా వినకుండా దరఖాస్తు పెట్టించాను.

మార్కులు వేసేది కంప్యూటరే. మన పేపర్ని ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారో లెక్కగట్టి, అన్నిటికన్నా ఎక్కువ పేరొచ్చినదాన్ని పైన పెడుతుంది. మా అక్క విషయంలో పైకొచ్చింది ఆవిడ వయసులో ఉండగా రాసింది. విత్తనాల్ని ఫలానా పద్ధతిలో ఆరబెడితే రెట్టింపు కాలం బతుకుతాయని అందులో ఉంది. అప్పట్లో అందరూ ఎగబడి చదివారు. తర్వాత తేలిందేమంటే, చల్లగదిలో థర్మామీటరు తప్పు చూపిస్తోంది. గది అనుకున్నదానికన్నా బాగా చల్లగా ఉంది. గింజల్ని కాపాడింది ఆ చలి, ఆరబెట్టడం కాదు. ఆ సంగతి ఆవిడే ఇంకో పేపరు రాసి ఒప్పుకుంది. దాన్ని నలుగురైదుగురు చదివారేమో. మొదటిదాన్ని మాత్రం జనం ఇప్పటికీ ప్రస్తావిస్తూనే ఉన్నారు.

నాకిదంతా తెలుసు. దరఖాస్తులో రెండు పేపర్లూ ఉన్నాయి, మనం ఏదీ దాచలేదు, కంప్యూటరు ఎంచుకుంటే మన తప్పేముంది అన్నది నా వాదన. ఇంటర్వ్యూ గది బయట ఆవిడ పైట సర్దుతూ చెప్పాను.

"అక్కా, అడిగితేనే చెప్పండి. అడక్కపోతే నోరు కుట్టేసుకోండి."

"సరేలేవే," అంది. ఆ మాట నమ్మి లోపలికెళ్ళి ఫైళ్ళతో ఓ మూల కూర్చున్నాను.

అంతా నల్లేరు మీద నడకలా సాగింది. చివర్లో డీన్ కళ్ళజోడు తీసి నవ్వాడు. "ఇంక అడగడానికేం లేదు మేడమ్. పలక మీద ఈ పేపరు పేరే చెక్కిస్తాం."

మా యూనివర్సిటీలో ఇదొక ఆనవాయితీ. అవార్డు వచ్చినవాళ్ళ పేరు, దాన్ని తెచ్చిన పేపరు పేరు ఇత్తడి పలక మీద చెక్కించి హాలు గుమ్మం దగ్గర బిగిస్తారు. కొత్తగా చేరిన విద్యార్థుల్ని మొదటిరోజే అక్కడికి తీసుకెళ్ళి చదివిస్తారు.

"ఆ పేపరా?" అంది అక్క. "అది తప్పండీ. తప్పని నేనే రాశాను."

డీన్ మంచివాడే, పాపం, సర్దిచెప్పాలనే చూశాడు. "ఫరవాలేదు మేడమ్. నిబంధనల్లో తప్పొప్పుల మాట లేదు. మీరు చెప్పారు, మేం రాసుకుంటాం. అవార్డు మీదే."

హమ్మయ్య అనుకున్నాను.

"అయితే పలక మీద రెండో పేపరు పేరు వెయ్యండి."

"మార్కులు తెచ్చినదాని పేరే వెయ్యాలి మేడమ్. నిబంధన."

"పోనీ దాని కింద 'ఇది తప్పు' అని చెక్కిస్తారా?"

బయటినుంచి వచ్చిన నిపుణుడొకాయన పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు. "పిల్లలు చదువుతారండీ. నా పేరు చూసి నమ్ముతారు. అలాగైతే నాకొద్దు," అని లేచి నిలబడింది.

అవార్డు వంతెనల మీద పరిశోధన చేసే ప్రొఫెసరుకి వెళ్ళింది. అర్హుడే, ఆయన మీద నాకే కోపమూ లేదు. నా కోపమంతా మా అక్క మీదే. ఇంటి మలుపు దగ్గర ఆగలేక అనేశాను. "చేజిక్కిన గదిని కాలదన్నుకున్నారు. ఇంత పట్టుదల ఎవరికోసం?"

"నాకూ ఏడుపొస్తోందే. ఇంటికెళ్ళాక తిడుదువుగాని," అంది.

సాయానికి రానని ఎంత భీష్మించుకున్నా, ఖాళీ చేసే రోజు అట్టపెట్టెలు పట్టుకుని వెళ్ళాను. చల్లగదిలో అక్క శాలువా కప్పుకుని ఆఖరి వరస ముందు నిలబడి ఉంది. నా కోపం గుమ్మంలోనే చల్లారింది.

"ఇవి మన ఇంట్లో ఫ్రిజ్‌లో పెడదాం అక్కా. ఓ అర మొత్తం ఖాళీ చేసిస్తాను."

"తలుపు తీసినప్పుడల్లా చలి మారుతుంది. నాలుగేళ్ళ తర్వాత ఏం తేలినా అది నమ్మకూడదు."

"అయితే ఇప్పుడే తెరిచి మొలకెత్తించండి."

"ఇప్పుడు మొలుస్తాయని నాకు తెలుసు. తెలియనిది తర్వాతి సంగతే."

చల్లగది మోటారు ఆపడానికి వచ్చినవాడు గుమ్మం దగ్గర నిలబడి మావైపు చూస్తున్నాడు. ఒక్క నిమిషం ఆగమని చేత్తో సైగ చేసి, ఆవిడ ఒక సీసా చేతిలోకి తీసుకుంది. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"పోనీలెండక్కా," అన్నాను, ఇంకేమీ తోచక. "ఎప్పటి గింజలో. ఈపాటికి చచ్చిపోయి ఉంటాయి."

"లేదే," అంది. "బతికే ఉన్నాయి."