పొగ రాని బండి

మా ఆయన మెకానిక్. ఆయన అక్క మొగుణ్ణి నేను అన్నయ్యా అని పిలుస్తాను. అన్నయ్య బతుకంతా కొండదారుల్లో లారీ తోలాడు. కిందటేడు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. కాలు చాలావరకు కోలుకుంది. బండి తోలొచ్చని డాక్టరు కూడా చెప్పాడు. మనిషికే ధీమా రాలేదు. క్లచ్ తొక్కే కాలు కదా మరి.

ఆ ధీమా కోసమే పాత డీజిల్ వ్యాను ఒకటి కొని, దాన్ని ఇల్లు చేశాడు. వెనక మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, చివరికి ఇనప బీరువా. బీరువా ఎందుకన్నయ్యా అంటే, మీ వదిన చీరలకి చోటుండొద్దా అన్నాడు. అంత బరువు మోస్తూ కూడా చదును రోడ్డు మీద బండి బాగానే నడిచేది. వదిన పక్క సీట్లో కూర్చుని మెల్లగా, మెల్లగా అని జపం చేసేది.

ఆ రోజు వదినకి సాయంగా నేనూ ఎక్కాను. షెడ్డులో పనుందని మా ఆయన రాలేదు. కొండ మొదట్లో అన్నయ్య బండి ఆపి, "దీన్ని పైకెక్కిస్తే నేనింకా డ్రైవర్నే. లేకపోతే ఇక స్టీరింగ్ ముట్టను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, తాడోపేడో తేల్చుకోడానికే వచ్చాడని నాకు తెలిసిపోయింది.

మొదటి మలుపులోనే బండి ఆయాసపడింది. గేరు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. చివరికి ఫస్ట్ గేరులో చీమలా పాకుతుంటే వెనకున్న లారీలు హారన్లతో చెవులు చిల్లులు పొడిచాయి. నిటారుగా ఉన్న ఒక మలుపులో ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి క్లచ్ వదిలితే మళ్ళీ ఆగింది. నేను దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టాను. సన్నగా వాన పడుతోంది. పక్కనుంచి పోతూ ఒక కుర్రాడు ఇల్లు మోసుకెళ్తున్నావా తాతా అని అరిచాడు. వాడి నోరు పడిపోను.

అన్నయ్య ఇంజను స్టార్ట్ చేసి ఉంచి, దిగి వెనక్కెళ్ళి పొగగొట్టం దగ్గర వంగి చూశాడు. నల్ల పొగ లేదు. ఇంజను శుభ్రంగా ఉంది, బండిలో ఏ లోపమూ లేదు, ఉన్నదంతా ఈ కాలులోనే అంటూ తొడ మీద కొట్టుకున్నాడు. వదిన మొహంలో నెత్తుటి చుక్క లేదు. అవతలికెళ్ళి తమ్ముడికి, అంటే మా ఆయనకి, ఫోన్ చేసింది.

మా ఆయన మోటారుసైకిలు మీద తడుస్తూ వచ్చాడు. అక్కాతమ్ముళ్ళు బండి చాటున గుసగుసలాడుతుంటే నేను వెళ్ళి నిలదీశాను. అప్పుడు బయటపడింది. మొగుడు వెనకటిలా దూకుడుగా తోలతాడని వదినకి భయం. తమ్ముణ్ణి బతిమాలి, డీజిల్ పంపు మీది స్క్రూ తిప్పించి, ఇంజనుకి అందే డీజిల్ తగ్గించింది. సగం తిండి పెట్టి కొండెక్కమంటే ఇంజను మాత్రం ఏం చేస్తుంది? పొగ రాకపోవడమూ అందుకే. అక్కకేమో ప్రేమ, తమ్ముడికేమో మొహమాటం, ఇద్దరికీ కలిపి అర బుర్ర లేదు. ఇంత బరువుతో కొండెక్కాల్సొస్తే ఎలాగన్నది ఒక్కరికీ తట్టలేదు.

ముందు వెళ్ళి అన్నయ్యతో చెప్పమన్నాను. పైకెళ్ళాక చెప్తానని మా ఆయన నసిగాడు. బావ దగ్గర మాత్రం ఫిల్టర్ మూసుకుపోయిందేమో అని నీళ్ళు నములుతూ ఇంజనులోకి తలదూర్చి, ఆ స్క్రూ మళ్ళీ సరిచేశాడు. ఇప్పుడు తోలు బావా అని ఎంత బతిమాలినా అన్నయ్య కదల్లేదు. "నువ్వే తోలు" అని అవతలి సీట్లో కూర్చున్నాడు.

ఇంజను గట్టిగా మోగింది. వెనక నల్లగా పొగ లేచింది. సెకండ్ గేరు, ఆ వెంటనే థర్డ్ గేరు. బీరువాతో సహా ఇల్లంతా కొండెక్కేసింది. అన్నయ్య రోడ్డు చూడలేదు. దారి పొడుగునా బావమరిది ఎడమ కాలినే చూస్తూ కూర్చున్నాడు.

కొండ మీద అంతా మంచు. బండి ఆగీ ఆగకముందే వదిన భోరున ఏడుస్తూ జరిగిందంతా చెప్పేసింది. అన్నయ్య ఓపిగ్గా విన్నాడు.

"నన్ను ఓదార్చడానికి తమ్ముడి మీద నింద వేస్తావా?" అన్నాడు చివరికి.

"నిజం బావా," అన్నాడు మా ఆయన. "కొండ కిందికెళ్ళి ఆ స్క్రూ మళ్ళీ తిప్పి ఎక్కిస్తాను. నేను తోలినా ఆగిపోతుంది, నువ్వే చూద్దువుగాని."

"నా కోసం బాగున్న బండిని పాడుచేస్తావా? వద్దురా."

వదిన ఒట్లు పెట్టింది. ఆమె ఒట్టు పెట్టేకొద్దీ ఆయన కళ్ళల్లో జాలే పెరిగింది గానీ నమ్మకం కలగలేదు. అబద్ధమాడటం చేతకాని పెళ్ళాం తన కోసం ఇంత కష్టపడి ఆడుతోందనుకున్నాడు. ఆమె కళ్ళు తుడిచి, భుజం తట్టాడు. కొండ దిగేటప్పుడు ముందు సీటు కూడా వద్దని వెనక్కి వెళ్ళి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.