పాదాల అచ్చు ముక్క

బర్ దుబాయ్‌లోని ఆ లేడీస్ టైలర్ దుకాణంలో పొద్దున్నే మిషన్లకు నూనె పెట్టడం శాంతిప్రియ పని. జీతంలో లేని పని. అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు ఎప్పుడో ఒకసారి చెప్పాడు, అలాగే ఉండిపోయింది. ఆ రోజు నూనె తుడవడానికి పీలికల బుట్టలోంచి చేతికందిన ముక్క తీసింది. ఎవరిదో పూజగది తెర కుట్టగా మిగిలింది. దాని మీద లక్ష్మీదేవి పాదాల అచ్చు. పక్క మిషను మీది జగిత్యాల కిష్టవ్వ కుట్టడం ఆపి చూసింది.

"గుడ్డే కదక్కా, నిన్నేమన్నా అన్నానా?" అని నవ్వేసి, శాంతిప్రియ ఇంకో రెండుసార్లు తుడిచింది.

మధ్యాహ్నం దాకా కిష్టవ్వ ఆమె వైపు తిరగకుండానే కుట్టుకుంది. శాంతిప్రియకు రోషం వచ్చింది. తానేం అన్యాయం చేసిందని? కిష్టవ్వకు జ్వరమొస్తే ఆమె వంతు జాకెట్లు కుట్టిందెవరు? చర్చి నుంచి తెచ్చిన క్రిస్మస్ కేకు మొదటి ముక్క పెట్టిందెవరికి? గుడ్డ సంగతి వేరు, మనిషి సంగతి వేరు అని ఎంత వాదించుకున్నా దారం తెగుతూనే ఉంది. చివరికి టిఫిన్ డబ్బా పట్టుకెళ్లి ఎదురుగా కూర్చుంది.

"నా మీద కోపమా అక్కా?"

"నువ్వు నాకు అన్యాలం జేసినవని నేనంటలేను పిల్లా," అంది కిష్టవ్వ. "తెల్వక ఒకసారి తుడిస్తివి, అది గుడ్డే. నా మొకం జూసినంక మల్ల తుడిస్తివి సూడు, అది నాకే తాకింది."

"తప్పయిపోయిందక్కా."

కిష్టవ్వ తన డబ్బాలోని పచ్చిపులుసు ఆమె అన్నంలో పోసి, "తిను. ఖలాస్," అంది.

'అది నాకే తాకింది' అన్న కిష్టవ్వ మాట మెట్రోలో ఇంటిదాకా వెంట వచ్చింది. మొగుడు నాగబాబు చెడ్డవాడేం కాదు. కానీ ఆరేళ్లుగా టీ గ్లాసు ఆమె బైబిలు మీదే పెడతాడు. వద్దంటే, "పుస్తకమే కదే! నీకేం తక్కువ చేశాను?" అంటాడు. నిజమే, ఏం తక్కువ చేశాడు? గ్లాసు తీసి కడిగి, అట్ట మీది మరక తుడుచుకునేది.

ఆ సాయంత్రం కూడా పెట్టాడు.

"మీరు నాకేం తక్కువ చెయ్యలేదండి," అంది నెమ్మదిగా. "కానీ నేను వద్దన్నాక, నా మొహం చూస్తా పెడుతున్నారు. అది పుస్తకానికి కాదు, నాకు."

నాగబాబు నవ్వబోయి ఆగాడు. గ్లాసు తీశాడు. అలవాటుగా, కడగమన్నట్టు ఆమె వైపు చాపాడు.

శాంతిప్రియ హాయిగా గోడకు జారగిలబడింది. చెయ్యి చాపలేదు.