పచ్చబడ్డ ఫిరోజా

హాజీ ఖుద్రత్ కొడుకు ఉంగరాన్ని జేబులోంచి తీసి, రాళ్ళు సానపట్టే గులందాం సానచక్రం పక్కన టక్కున పెట్టాడు. నిషాపూర్ బజారులో ఆయన మాంసం కొట్టు తెలియనివాళ్ళు లేరు. ఆయన కొడుకు యావర్‌కి గులందాం కూతురు మహ్‌రుఖ్‌ని ఇస్తామని మాటనుకుని మూడు నెలలైంది. నిశ్చితార్థం నాడు పిల్లవాడి వేలికి తొడిగిన ఫిరోజా రాయిని గులందామే స్వయంగా సానపట్టింది. ఆనాడు కళ్ళు చెదిరే నీలం. ఇప్పుడు చూస్తే పాచినీళ్ళ రంగు.

"చూడు చెల్లెమ్మా! నువ్విచ్చింది రంగేసిన రాయైనా అయ్యుండాలి, మీ పిల్ల పాదమైనా మంచిది కాకుండా ఉండాలి. ఏదైనా సరే, ఈ సంబంధం మాకొద్దు."

వెనక ఆయన భార్య తూబా తల వంచుకుని నిలబడింది.

గులందాంకి ఒళ్ళు మండిపోయింది. ఎంత తేలిగ్గా అనేశాడు పెద్దమనిషి! రాయి నకిలీదంటే తనే మోసగత్తె. అసలుదని నిరూపిస్తే అపశకునం పిల్ల నెత్తికి చుట్టుకుంటుంది. అప్పుడే ఆమె కళ్ళు హాజీ చేతుల మీద పడ్డాయి. కడుక్కునే వచ్చాడు, అయినా వేళ్ళు జిడ్డుగా మెరుస్తున్నాయి.

"యావర్ ఈ ఉంగరం వేలికుండగానే మాంసం కొడతాడా అన్నయ్యగారూ?"

"తియ్యడమెందుకు? కసాయి చేతికి ఫిరోజా అచ్చొస్తుందనేవాడు మా తాత. నాదీ ముప్పై ఏళ్ళుగా వేలికే ఉంది. ఇదిగో, ఈవిడ గడప తొక్కిన ఏడాదే పచ్చబడింది. రాయి అబద్ధమాడదమ్మా!"

తూబా చాదరు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఎన్ని వేలసార్లు విన్నదో పాపం.

గులందాం యావర్ ఉంగరం చేతిలోకి తీసుకుంది. చక్రం మీద బొట్లు బొట్లుగా పడే నీళ్ళు కట్టేసింది. పొడిచక్రం మీద రాయి వేడెక్కి పగలొచ్చు. పగిలితే పెళ్ళీ పోతుంది, పేరూ పోతుంది. పోతే పోనీ, పిల్లకి ఆ మాట మాత్రం అంటనివ్వను అనుకుని తొక్కుడుబల్ల తొక్కింది.

రాయి కీచుమంది. పచ్చటి పొడి రాలింది. కాసేపటికి కొట్టంతా ఒక వాసన కమ్ముకుంది.

"ఎవరమ్మా పొద్దున్నే కబాబులు కాలుస్తున్నది?" అని పక్కకొట్టాయన కేకేశాడు.

హాజీ ముక్కుపుటాలు అదిరాయి. గొర్రెతోక కొవ్వు! ఆ వాసన ఆయనకొకరు చెప్పాలా?

గులందాం ఉంగరం ఎత్తి చూపించింది. అరిగిన మేర నీలం తేలింది. "రంగేసిన రాయైతే లోపల సున్నంలా తెల్లగా ఉండేది. ఫిరోజా నూనె తగిలినా సబ్బు తగిలినా పీల్చేస్తుంది, వేడెక్కితే కక్కుతుంది. మీరు కొవ్వు మేపి పెంచారు, పచ్చబడక ఇంకేం చేస్తుంది? పని చేసేటప్పుడు తీసి పెట్టమనండి."

హాజీ గుమ్మం వైపు అడుగేశాడు. "పొరపాటైపోయింది చెల్లెమ్మా. ఇక వెళ్తాం."

"ఆగండి," అంది తూబా. మొగుణ్ణి ఆగమనడం ఆమెకదే మొదలు. ఆయన చెయ్యి పట్టుకుని, సబ్బునీళ్ళు రాసి, ఉబ్బిన వేలి నుంచి ఉంగరాన్ని మెలితిప్పి లాగింది. "ఇదీ పట్టు వదినా."

రెండోసారి అదే వాసన లేచింది, ఇంకా ఘాటుగా. చాలాసేపటికి గాని నీలం కనబడలేదు.

కనబడ్డాక తూబా ఆ ఉంగరాన్ని తన వేలికే తొడుక్కుంది. "పెళ్ళి వచ్చే నెల్లోనే వదినా, అనుకున్న రోజునే," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఇంక ఇది నా దగ్గరుంటుంది. మళ్ళీ పచ్చబడుతుందో లేదో, ఎవరి పాదం ఎలాంటిదో చూద్దాం."

హాజీ తెల్లగా చారపడ్డ తన ఉత్తవేలిని రుద్దుకుంటూ నిలబడిపోయాడు.